ప్రేమయ్య తిప్పిన మరచీల

పాదిరి దొర తన దేశానికి వెళ్ళిపోయిన రోజు మైదుకూరు మిషన్ బడిలో కంటతడి పెట్టనివాళ్ళు ఇద్దరే. ఒకరు గంట కొట్టే ముసలి ఏసన్న. దొర మాట్లాడే తెలుగు అతనికి పదకొండేళ్ళలో ఒకనాడూ అర్థం కాలేదు గనక పెద్దగా బెంగ పెట్టుకోలేదు. రెండోవాడు చిన్న తరగతుల అయ్యవారు ప్రేమయ్య. అతనికి ఏడుపు రావలసిన చోట ఇంకొకటి వచ్చి కూచుంది.

అది 1932 మార్చి. బంగళా వరండాలో దొర తన సామాన్లు పంచిపెడుతున్నాడు. బల్లలు, కుర్చీలు బడికి. పింగాణీ గిన్నెలు వంటమనిషికి. ప్రేమయ్యను పిలిచి ఒక గొడుగు, మోకాళ్ళ దాకా వచ్చే నల్ల ఉన్ని కోటు చేతిలో పెట్టాడు. లంకమల కొండల మీంచి వడగాలి దిగివచ్చే ఊళ్ళో ఉన్ని కోటు. ప్రేమయ్య దాన్ని రెండు చేతులతో అందుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు. అతని చూపంతా గోడకు ఆనించిన పొడుగాటి టేకు పెట్టె మీదనే ఉంది. అందులో దొర చుక్కలు చూసే దుర్బీను ఉంది. అది తనకు రాకపోతే ఇంకెవరికి వస్తుందని అతని ధీమా.

దొర లేవి సారును పిలిచాడు.

లేవి పైతరగతులకు సైన్సు చెప్పే అయ్యవారు. మద్రాసులో చదివి వచ్చాడు. బడికొచ్చి రెండేళ్ళే అయింది, వయసు ముప్పై దాటలేదు. చొక్కా చేతులకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకుంటాడు. దొర ఆ పెట్టె మీద చెయ్యి వేసి, "ఇది బడి సొత్తు. మీ చేతికింద ఉంటుంది" అన్నాడు. తరువాత లేవిని కొంచెం దూరం తీసుకుపోయి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. లేవి తల ఊపాడు. ప్రేమయ్యకు ఇంగ్లీషు రాదు.

ఆ పెట్టె మొదట ఊళ్ళోకి వచ్చినప్పుడు దాన్ని బండి మీంచి దించినవాళ్ళల్లో ప్రేమయ్య ఒకడు. కడపలో రైలు దిగి, పెన్న దాటి గట్టెక్కుతుంటే బండి ఒరిగి, పెట్టె రాళ్ళ మీద పడింది. పెద్ద గొట్టానికి ఏమీ కాలేదు. దాని వీపు మీద ఎక్కి కూచున్నట్టుండే చిన్న గొట్టానికి దెబ్బ తగిలింది. పెద్ద గొట్టంలోంచి చూస్తే ఆకాశంలో ఆవగింజంత మేరే కనపడుతుంది. అంత చిన్న మేరలోకి చుక్కను తెచ్చుకోవడానికే ఆ చిన్న గొట్టం. అది ఆకాశాన్ని జల్లెడంత మేర చూపిస్తుంది, దాని నడుమ అడ్డంగా నిలువుగా రెండు సన్న పోగులుంటాయి. పోగులు కలిసే చోట చుక్కను నిలిపితే అది పెద్ద గొట్టంలోకి వచ్చి ఉంటుంది. రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూస్తున్నప్పుడే ఈ లెక్క. పడిన దెబ్బకు చిన్న గొట్టాన్ని పట్టుకున్న వలయం వంగింది, దాన్ని అటూ ఇటూ సర్దడానికి తిప్పే మూడు మరచీలల్లో ఒకదాని మర అరిగి జారిపోయింది, లోపలి పోగు ఒకటి తెగింది. చుక్కను ఈ గొట్టంలో పెడితే ఆ గొట్టంలో చీకటే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన మామూలు దుర్బీను అది. దొరకూ అప్పుడే కొత్త. వారం రోజులు ఆకాశమంతా గాలించి విసుగెత్తి కూచుంటే, దుర్బీనును నిలబెట్టే కాళ్ళపెట్టె పట్టుకుని నిలబడ్డ ప్రేమయ్య, "నన్నొకసారి చూడనియ్యండి దొరా" అన్నాడు. ప్రేమయ్య చిన్నప్పుడు మేకలు కాచినవాడు. కొండ మీద తప్పిపోయిన మేకపిల్లను కింది నుంచే గుర్తుపట్టేవాడు. ఒడిసెల తిప్పి రాయి వేస్తే గురి తప్పేది కాదు. అతను పెద్ద గొట్టం పక్కన చెంప ఆనించి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, గొట్టం అంచు వెంబడే చూపును పోనిచ్చి, అరచేత్తో దాన్ని వెంట్రుకవాసి జరిపాడు. దొర వంగి చూశాడు. చుక్క అక్కడ ఉంది.

ఆ తరువాత దొర చిన్న గొట్టాన్ని బాగుచేయించే మాటే ఎత్తలేదు. "ప్రేమయ్యా, దీనితో నాకేం పని? నువ్వే నా చిన్న గొట్టం" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ప్రేమయ్య ఆ మాట భార్య విశ్వాసమ్మకు చెప్పాడు. తరువాత పదేళ్ళలో ఎన్నిసార్లు చెప్పాడో ఆమె లెక్కపెట్టుకోవడం మానేసింది. అతని తండ్రి కరువులో గంజికేంద్రం దగ్గర మతం పుచ్చుకున్న కూలివాడు. ప్రేమయ్య ఆ ఇంట్లో మొదట అక్షరం నేర్చినవాడు. అ ఆలు, ఎక్కాలు చెప్పుకునే బతుకులో దొర నోట వచ్చిన ఆ ఒక్క మాటే అతనికి కిరీటం.

ఇప్పుడు ఆ కిరీటం ఎవరి నెత్తిన పెట్టారు? ఇస్త్రీ చొక్కా నెత్తిన.

నల్లకోటు దండెం మీద వేసి ప్రేమయ్య అన్నం ముందు కూచున్నాడు. ముద్ద దిగలేదు.

"ఎవురికిచ్చినా బడిలోనే ఉండాది గదా. నువ్వు పోయి చూసుకోవచ్చు" అంది విశ్వాసమ్మ.

"నేను పోయి అడుక్కోవాల్నా? పదకొండేండ్లు దాన్ని తుడిచింది నేను. వాడు దాని మూత గూడా తీసి ఎరగడు."

"వాడు అనగాకయ్యా. ఆయప్ప నిన్నెప్పుడూ పేరు పెట్టి గూడా పిల్చలేదు, సారూ అనే అంటాడు."

ఆ మాట నిజమే. నిజం కావడమే ప్రేమయ్యకు ఎక్కువ మండింది. తిట్టేవాడైతే తిట్టుకోవచ్చు. మర్యాదస్తుణ్ణి ఏమని ద్వేషించేది?

అయినా ద్వేషించాడు. లేవి భార్య కొత్త చీర కట్టుకుని గుడికొస్తే ఆ రంగు బాగాలేదనిపించేది. పిల్లలు "లేవి సార్ దుర్బీను" అంటే, "అది బడి దుర్బీనురా" అని సరిదిద్దేవాడు. లేవి పాఠం చెబుతున్న గది ముందు నుంచి పోవలసి వస్తే చుట్టూ తిరిగి చెనిక్కాయ చేను గట్టు మీదుగా పోయేవాడు.

సాయంత్రాలు మాత్రం ఇంటి అరుగు మీద కూచుని బడి మైదానం వైపు చూసేవాడు. లేవి దుర్బీను బయట పెట్టుకుని ఆకాశంలో వెతుకుతుండేవాడు. చందమామను పట్టుకునేవాడు, అది ఎవరైనా పట్టుకుంటారు. చుక్కల దగ్గరికి వచ్చేసరికి పైకి, కిందికి, పక్కకు తిప్పి తిప్పి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పెట్టె మూసేవాడు. ఆ మూత శబ్దం వినపడ్డ రోజు ప్రేమయ్యకు రాగిసంగటి రెండు ముద్దలు ఎక్కువ పోయేవి. రెండేళ్ళు అట్లాగే గడిచాయి. లేవి ఒక్కనాడూ వచ్చి "సారూ, ఎట్లా చూసేది?" అని అడగలేదు. ప్రేమయ్య ఒక్కనాడూ పోయి చెప్పలేదు.

1934 వేసవి సెలవుల్లో లేవి ఊరికి పోలేదు. పెట్టెలో ఉన్న ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని పట్టపగలు దుర్బీను బయటికి తీశాడు. లంకమల కొండ అంచున ఒంటరిగా నిలబడ్డ బండ మీదికి పెద్ద గొట్టాన్ని గురిపెట్టి, చిన్న గొట్టంలో కూడా ఆ బండే కనపడేటట్టు మరచీలలు తిప్పడం మొదలుపెట్టాడు. అరిగిన చీల సందులో కాగితం మడిచి పెట్టాడు, వలయానికి దారం చుట్టాడు. అరుగు మీంచి ప్రేమయ్య ఇదంతా చూస్తున్నాడు. పగలు కొండను చూసి సరిచేసుకుంటే సాయంత్రానికి చుక్కలు దొరుకుతాయన్న తెలివి పదకొండేళ్ళలో తనకు రాలేదు. దొరకూ రాలేదు. ఈ కుర్రాడికి పుస్తకంలో దొరికింది. ఆ గొట్టం బాగుపడిందంటే ప్రేమయ్య కన్నుతో లోకానికి పనిలేదు.

మధ్యాహ్నం లేవి భోజనానికి పోయాడు. ప్రేమయ్య గంట స్తంభం దగ్గర కునుకుతున్న ఏసన్నను లేపాడు. సామాన్ల గది తాళంచెవి ఏసన్న మొలతాడుకు ఉంటుంది.

"సుద్దముక్కలు కావాల, తాళం ఇయ్యన్నా."

"సెలవుల్లో సుద్దముక్కలేందప్పా?" అన్నాడు గాని ఏసన్న చెవి విప్పి ఇచ్చాడు.

గదిలో చల్లగా ఉంది. ప్రేమయ్య మూత తీశాడు. రెండేళ్ళ తరువాత ఆ ఇత్తడిని ముట్టుకున్నాడు. తుడవాలనిపించింది, తుడవలేదు. జేబులోంచి మొన విరిగిన చాకు తీసి, లేవి పెట్టిన కాగితం మడత లాగేసి, ఒక మరచీలను పావు చుట్టు వెనక్కి తిప్పాడు. చాకు రెండుసార్లు జారింది. సాయంత్రం లేవి మళ్ళీ ఖాళీ ఆకాశాన్నే చూశాడు.

లేవి మళ్ళీ సరిచేశాడు. ప్రేమయ్య మళ్ళీ పోయి తిప్పాడు. మూడోసారికి తాళం అడగడానికి సాకు కూడా చెప్పలేదు. ఏసన్న అడగనూ లేదు.

మే నెలలో వేసవి ప్రార్థన కూటాలు జరిగాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు బండ్లు కట్టుకుని వచ్చి బడి మైదానంలో దిగారు. రెండోరోజు పొద్దుగూకాక ప్రార్థన అయిపోగానే, గురుగ్రహాన్ని దాని నాలుగు చందమామలతో సహా చూపిస్తామని లేవి అందరికీ చెప్పాడు. బజారు నుంచి గడియారాల హుసేన్ వలి, ఉల్లిగడ్డల వ్యాపారి బుడేన్ సాహెబ్ కూడా వచ్చారు. ఆకాశంలో గురుడు బాగా పైకొచ్చి పెద్ద నిప్పుకణంలా వెలుగుతున్నాడు. పసిపిల్ల కూడా వేలుపెట్టి చూపించగలదు. లేవి దుర్బీనుకు మాత్రం చిక్కలేదు. పావుగంట అయింది. అరగంట అయింది. లేవి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. జనం గుసగుసలు పోయారు. పెద్దమ్మ అనే ముసలామె అందరికీ వినపడేటట్టు, "ప్రేమయ్యను పిల్చండప్పా. దొర ఉన్నప్పుడు వాడే గదా చూపిచ్చేది" అంది.

ప్రేమయ్య ఆ పిలుపు కోసమే వెనక వరసలో కూచుని ఉన్నాడు. నింపాదిగా లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. జనం దారి ఇచ్చారు. అతను గొట్టానికి చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి, అరచేత్తో చిన్నగా తోశాడు. "చూసుకోండి" అన్నాడు.

ఆ సాయంత్రం నూటికి పైగా జనం వరస కట్టి చూశారు. గుండ్రటి పెసరగింజంత గురుడు, పక్కన ఒకే గీతలో నాలుగు నలుసులు. చూసిన ప్రతివాళ్ళూ ప్రేమయ్య వైపు తిరిగి చూశారు. పెద్దమ్మ అతని గడ్డం పట్టుకుని ముద్దుపెట్టుకుంది. గురుడు గొట్టం దాటి జరిగిపోయినప్పుడల్లా ప్రేమయ్య మళ్ళీ చెంప ఆనించి తెచ్చి పెట్టాడు. అతని బతుకులో అంత పెద్ద సాయంత్రం ఇంకొకటి లేదు.

చివర్లో లేవి జనం ముందుకు వచ్చి, "రెండేండ్ల నుంచి నేను చెయ్యలేంది ప్రేమయ్య సారు ఒక్క ఊపిరిలో చేసినాడు. మీరందరూ చూసినారు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ప్రేమయ్య నోట్లో బెల్లం కాస్తా చేదయింది. ఆ చప్పట్లు సగం లేవి మంచితనానికే పోయాయి. ఓడిపోయినా వీడిదే గెలుపు.

మరునాడు లేవి వచ్చి, "సారూ, హుసేన్ వలి ఈ చిన్న గొట్టాన్ని చూస్తానన్నాడు. మీరూ తోడు రండి" అన్నాడు. రానంటే బాగుండదు. ఇద్దరూ దాన్ని గుడ్డలో చుట్టుకుని బజారుకు పోయారు.

హుసేన్ వలి అంగడి నాలుగడుగుల వెడల్పు. గోడ నిండా ఆగిపోయిన గడియారాలు. అతను కంటికి భూతద్దం తగిలించుకుని చిన్న గొట్టాన్ని వెలుగులో తిప్పాడు. వలయం వంపు చూశాడు, తెగిన పోగు చూశాడు. మరచీలల దగ్గర ఆగిపోయాడు.

"ఇది పాత దెబ్బ" అన్నాడు వలయం చూపించి. "ఇది మాత్రం కొత్తది సారూ. ఈ చీల తలమీద గీతలు మెరుస్తాండాయి చూడండి. చాకుతో తిప్పినారు. మొన సరిగా లేని చాకు. జారి జారి గీసింది."

లేవి ముఖం ఎర్రబడింది. "నేను తిప్పింది దీనికోసం తెప్పించిన పనిముట్టుతో. చాకు ఎవురు పెట్టినారు? గది తాళం ఏసన్న దగ్గర ఉంటాది."

హుసేన్ వలి భూతద్దం తీసి ప్రేమయ్య ముఖంలోకి ఒకసారి చూసి, తల వంచుకుని, "వారం రోజుల్లో చేసిస్తా" అన్నాడు. వక్క కోసుకుందామని చాకు తీయబోయిన ప్రేమయ్య చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

బడికి రాగానే లేవి ఏసన్నను పిలిపించాడు. అంత కోపంగా అతన్ని ఎవరూ చూడలేదు.

"గదిలోకి ఎవురిని పోనిచ్చినావు?"

ఏసన్న మొలతాడుకున్న చెవిని తడుముకున్నాడు. "ఎవుర్నీ లేదు సారూ."

"అయితే నువ్వే తిప్పినావా?"

"నాకేం తెలుసు సారూ దాని సంగతి."

"తాళంచెవి ఈడ పెట్టు. రేపట్నుంచి గంట ఒక్కటే నీ పని."

ముప్పై ఏళ్ళుగా మొలతాడుకు ఉన్న చెవిని ఏసన్న ముడి విప్పి బల్ల మీద పెట్టాడు. ముడి బిగుసుకుపోయి విప్పడానికి చాలాసేపు పట్టింది. ప్రేమయ్య గుమ్మం దగ్గర నిలబడి ఆ వేళ్ళనే చూశాడు. నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు.

తరువాతి రెండు రోజుల్లో, తన లోపల అసూయే కాక సిగ్గు కూడా ఉందని అతనికి తెలిసింది. మూడోరోజు గంట స్తంభం దగ్గరికి పోయాడు. ఏసన్న నీడలో కూచుని కాలి ముల్లు తీసుకుంటున్నాడు.

"నా పేరు ఏమిటికి చెప్పలేదన్నా?"

ఏసన్న తల ఎత్తలేదు. "నీ పేరు చెప్తే నీ కొలువు పోతాది. నాదైతే తాళమే గదా పోయేది." ముల్లు బయటికి తీసి వేలి మీద పెట్టుకుని చూశాడు. "నీకు నలుగురు పిల్లోల్లు. ఆ సారు మీద నీకుండే కడుపుమంట నాకు తెల్దనుకున్నావా? రెండేండ్ల నుంచి చూస్తాండా."

ప్రేమయ్య అక్కడి నుంచి నేరుగా లేవి ఇంటికి నడిచాడు. ఎండ నెత్తిన ఉంది. లేవి వరండాలో కాగితాలు దిద్దుకుంటున్నాడు. ప్రేమయ్య కూచోకుండానే చాకు తీసి కాగితాల మీద పెట్టాడు.

"తిప్పింది నేను. మూడు తూర్లు. ఏసన్నకు తాళం ఇచ్చేయండి. నా కొలువు సంగతి మీ ఇష్టం."

లేవి చాకు మొన వైపు చూశాడు. కోపంతోనే అడిగాడు: "ఏమిటికి చేసినారు?"

"ఏమిటికంటే ఏం చెప్పను. దొర మీకిచ్చినాడు. నాకు కోటు ఇచ్చినాడు." మాట బయటికి వచ్చాక అది ఎంత చిన్నపిల్లవాడి మాటలా ఉందో ప్రేమయ్యకే వినపడింది. అయినా ఆగలేదు. "ఆ గొట్టం బాగైతే నేనెవరికి కావాల సారూ? చెప్పండి."

లేవి కాగితాలు ఒక పక్కకు సర్దాడు, మళ్ళీ ఇంకో పక్కకు సర్దాడు.

"దొర పోయే రోజు నన్ను పక్కకు పిల్చి ఒక మాట చెప్పినాడు" అన్నాడు చివరికి. "దుర్బీను బడిది కాబట్టి సైన్సు అయ్యవారి కిందనే ఉండాల, కన్ను మాత్రం ప్రేమయ్యది, పోయి అతని దగ్గర నేర్చుకో అన్నాడు. ఈ మాట తన పేరుతో మీకు చెప్పమన్నాడు."

"మీరు చెప్పలేదు."

"చెప్పలేదు. ఈడికొచ్చినప్పటి నుంచి దొర నోట మీ పేరే. నేను మద్రాసులో చదివొచ్చి, మూడో తరగతి అయ్యవారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్నా అనిపించింది. ఆ మాట మింగేసినా. రెండేండ్లు పుస్తకం చదివినా గాని మీ అరుగు ఎక్కలేకపోయినా."

ప్రేమయ్య అప్పుడు కూచున్నాడు. అతనికి మొదట కోపం వచ్చింది. రెండేళ్ళ కిందే ఆ మాట చేరి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేవాడు. ఆ కోపం వెనకనే, తన పక్కింటి మనిషిని మొదటిసారి చూసినట్టు, లేవిని చూశాడు. గంజిపెట్టిన చొక్కా లోపల తనలాంటి కడుపే ఉంది.

కొలువు మాట మళ్ళీ ఎత్తకుండా ఇద్దరూ కలిసి ఏసన్న దగ్గరికి పోయారు. లేవి తాళంచెవి ఇచ్చి తప్పయిందన్నాడు. ఏసన్న దాన్ని తీసుకుని, "నాకెందుకు సారూ ఇది, ఈ రెండు దినాలు నడుం తేలిగ్గా ఉండాది" అని, మళ్ళీ మొలతాడుకే కట్టుకున్నాడు. ప్రేమయ్యతో మాత్రం నెల దాకా సరిగా మాట్లాడలేదు. ప్రేమయ్య దాన్ని తన వంతుగా భరించాడు.

హుసేన్ వలి వలయాన్ని సరిగా గుండ్రం చేసి, అరిగిన రంధ్రానికి కొత్త మర తీసి, పెద్ద గడియారం నుంచి ఒక ఇత్తడి చీలను సరిపోయేటట్టు చేసి బిగించాడు. పోగుల దగ్గర ఆగిపోయాడు. దారం లావు, తల వెంట్రుక కూడా లావే. ప్రేమయ్య ఇంటికి పోయి విశ్వాసమ్మను అడిగితే, ఆమె తన ఒకేఒక పట్టంచు చీర తీసి, అంచులోంచి ఒక పోగు లాగి, దాన్ని గోటితో చీల్చి చీల్చి కంటికి ఆననంత సన్నం చేసి ఇచ్చింది. "ఎవురి కోసం ఇది, నీ కోసమా ఆ సారు కోసమా?" అంది.

"తెల్దు" అన్నాడు ప్రేమయ్య.

పోగు బిగించిన చిన్న గొట్టాన్ని తిరిగి తగిలించి, ఇద్దరూ దుర్బీనును మైదానంలో నిలబెట్టారు. పొద్దు ఇంకా బారెడు ఉంది. కొండ అంచున ఒంటి బండ స్పష్టంగా కనపడుతోంది. పెద్ద గొట్టంలోకి బండను తెచ్చేది ప్రేమయ్య పని. చెంప ఆనించి తెచ్చాడు. బండ తలకిందులుగా, మీద పొదతో సహా, నడుమ నిలిచింది. కాళ్ళపెట్టె బిగించి, ఇప్పుడు చిన్న గొట్టంలోకి చూశాడు. అందులో బండ ఒక పక్కన ఎక్కడో ఉంది, పట్టు పోగులు ఇంకెక్కడో కలుస్తున్నాయి.

"మీరే తిప్పండి సారూ" అన్నాడు లేవి, తన పనిముట్టు అతని చేతిలో పెట్టి. "ఒక చీల వదులు చేస్తే ఎదురుది బిగించాల. పుస్తకంలో అట్లనే ఉండాది."

ప్రేమయ్య వదులు చేశాడు, బిగించాడు. అంతా తలకిందులు గనక ఎడమకు పోవాలంటే కుడికి తిప్పాలి. బండ వెంట్రుకవాసి చొప్పున పోగుల వైపు నడిచింది. ప్రతి చుట్టుకూ తనకు తానే ఉద్వాసన రాసుకుంటున్నట్టు అతనికి తెలుస్తూనే ఉంది. ఒక చోట ఆగాడు. ఇంకొక పావు చుట్టు మిగిలింది. ఇక్కడ వదిలేసినా లేవికి తెలియదు, ఆకాశంలో గురుడు అంచున జారిపోతూ ఉంటాడు, రోజూ తనను పిలవవలసి వస్తుంది. లేవి పక్కన నిలబడి పుస్తకం పేజీ తిప్పుతున్నాడు, ఇటు చూడనైనా లేదు. ప్రేమయ్య ఆ పావు చుట్టు తిప్పి, పెద్ద గొట్టంలో మళ్ళీ చూసి, చీలను గట్టిగా బిగించాడు.

పొద్దు వాలి గురుడు కనపడగానే లేవి ఒక్కడే దుర్బీను దగ్గర నిలబడ్డాడు. చిన్న గొట్టంలో వెతికి, పోగుల నడుమకు తెచ్చి, పెద్ద గొట్టంలోకి వంగాడు. నోరు కొంచెం తెరుచుకుంది. వెంటనే పక్కకు జరిగి, "చూడండి సారూ" అన్నాడు. ప్రేమయ్య చూశాడు. గురుడు, నాలుగు నలుసులు. వాటిని అతను వెయ్యిసార్లు చూసి ఉంటాడు. ఇంకొకరు పట్టి తెచ్చి ఇస్తే చూడడం అదే మొదలు. అతని కడుపులో పాత మంట రగిలింది, ఈసారి లేవి మీద కాదు, ఆ జానెడు ఇత్తడి గొట్టం మీద. మంట ఉందని ఒప్పుకుని, చూస్తూనే నిలబడ్డాడు.

తరువాత ఇద్దరూ స్నేహితులయ్యారని చెబితే ఎక్కువ చెప్పినట్టవుతుంది. వాదులాడుకునేవాళ్ళు. చిన్న గొట్టంతో లేవి, చెంపతో ప్రేమయ్య, ఎవరు ముందు పట్టుకుంటారని పందెం వేసుకునేవాళ్ళు. వెలుగున్న చుక్కలకు ప్రేమయ్య, మసక చుక్కలకు లేవి గెలిచేవాడు. 1938లో లేవికి రాజంపేట బడికి బదిలీ అయింది. దుర్బీను ప్రేమయ్య చేతికింద పెట్టి పోయాడు. కోరుకున్నది చేతికొచ్చిన ఆ మొదటి నెలంతా ప్రేమయ్య పెట్టె మూత తీయలేదు. పందెం వేయడానికి మనిషి లేడు.

తరువాత తీశాడు. ఏడేళ్ళు పిల్లలకు, పల్లె జనానికి చూపించాడు. కళ్ళకు పొర కమ్మడం మొదలయ్యాక చెంప ఆనించడం మాని, తను బిగించిన ఆ చిన్న గొట్టం మీదే ఆధారపడ్డాడు. 1945 వేసవిలో కొలువు చాలించుకునే ముందు కృష్ణవేణమ్మ అనే కొత్త పంతులమ్మ వచ్చింది. దుర్బీను ఆమెకు అప్పగించమన్నారు. ప్రేమయ్య ఆమెకు పెట్టె తెరిచి, ఒక్కొక్కటీ చూపించి, పగలు కొండ మీది బండను చూసి ఎట్లా సరిచేసుకోవాలో నేర్పాడు. కొత్త చీల దగ్గరికి వచ్చి, దాని కథ కూడా, చాకుతో సహా, దాచకుండా చెప్పాడు. ఆమె ఆ చీలను వేలితో తడిమి చూసింది. సాయంత్రం రెండో ప్రయత్నానికే గురుణ్ణి పట్టుకుంది.

ఆ రోజు అతను తొందరగా ఇంటికొచ్చాడు.

"అప్పుడే వచ్చినావేమి?" అంది విశ్వాసమ్మ.

"నేర్పి వచ్చినా. బాగా పట్టుకునింది ఆ పాప."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "నీకెట్లుండాది?"

"మండతానే ఉండాది" అన్నాడు ప్రేమయ్య, కాళ్ళు కడుక్కుంటూ. "రొట్టె పెట్టు."